మా గోడ మీది హవా డబ్బా

సూరత్‌లో మేము అద్దెకుండే వరస గదుల ఛాల్ ముందున్న సందు ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒక్క డ్రైవరైనా మర్యాదస్తుడై ఉండాలి. ఇద్దరూ మర్యాదస్తులైతే మరీ కష్టం. "నువ్వు పో", "లేదు, నువ్వే పో" అంటూ అన్నం వేళ దాకా నిలబడిపోతారు. మా సందుకు ఆ కష్టం ఎన్నడూ రాలేదు.

అలాంటి సందులోంచి నేను హవా కమిటీ మెంబరునయ్యాను. దాని అసలు పేరు చాలా పొడుగు, చెప్పేలోపు పాలు పొంగిపోతాయి. సూరత్, కామ్‌రేజ్, బార్డోలీ, ఇంకా చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒక్క మాట మీదికి వచ్చి, బ్యాటరీ బండ్లు, గ్యాసు బండ్లు పెంచాలి, పొగ తగ్గించాలి అని కట్టిన పొత్తు అది. బస్సులవాళ్లు, ఆటో యూనియన్లు, మిల్లు సేట్లు, డాక్టర్లు అందులో ఉన్నారు. ఆడవాళ్ల సంఘాలు కూడా ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది. మా ఛాల్‌లో తెలుగు ఆడవాళ్లకు ఒక సంఘం ఉంది. బతుకమ్మకు మైకు తెప్పించడం దాని పని. మిగతా ఏడాదంతా ఆ మైకు సరిగ్గా పలకలేదని తిట్టుకోవడం కూడా దాని పనే. మమ్మల్ని చేర్చుకుంటామని కబురు వచ్చింది. సంఘంలో అందరికన్నా పెద్ద గొంతు నాదే కాబట్టి నన్నే పంపారు.

మా ఆయన మగ్గం దగ్గర డ్యూటీ దిగి వచ్చి ఈ సంగతి విన్నాడు.

"ఇన్నొద్దులు ఇంట్ల నా గాలి తీసినవ్. ఇగ ఊరి గాలి పట్టుకున్నవా?" అన్నాడు.

"నీ గాలి ఎంతసేపు తీస్త? అందుల ఏమున్నదని?" అన్నాను.

నిజం చెప్పాలంటే ఊరి గాలి మీద అప్పుడు నాకంత ప్రేమ లేదు. నా ప్రేమంతా నా కొడుకు మీద. వాడు ఆటో నడుపుతాడు. కోడలు నీళ్లోసుకున్న నెలలోనే పాత ఆటో ఇచ్చేసి బ్యాటరీ ఆటో తెచ్చుకున్నాడు. ఆకుపచ్చగా, మెరిసిపోతూ, పెళ్లికొడుకులా ఉంటుంది. కానీ దానికి రోజూ కరెంటు పెట్టాలి కదా. మొదటి రోజు సాయంత్రం కిటికీలోంచి వైరు లాగి ఇంటి ప్లగ్గులో పెట్టాడో లేదో, ఛాల్ మొత్తం చీకటి. టీవీలో సీరియల్ మంచి పట్టులో ఉంది. ఆడవాళ్లు గరిటెలతో బయటికి వచ్చారు. ఇంటి ఓనరు కాకా బనియను మీదే పరుగెత్తుకొచ్చి, ఇంకోసారి బండికి ఇంట్లో తిండి పెడితే బండినీ మమ్మల్నీ కలిపి బయటికి పంపిస్తానన్నాడు.

అప్పటి నుంచి వాడు కతర్‌గామ్ వెళ్లి ఛార్జింగు పెట్టుకుంటున్నాడు. పగలు అక్కడ ఆటోల వరస తెగదు. తెల్లారకముందే వెళితే ఖాళీ దొరుకుతుంది. కోడలు కాన్పయ్యాక కూడా అంతే, బిడ్డ కళ్లు తెరవకముందే వెళతాడు. ఛార్జింగు అయ్యేసరికి అక్కడే వజ్రాల పనివాళ్ల గిరాకీ మొదలవుతుంది. ఇంటికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోతుంది. నా మనవరాలికి బోర్లా పడడం వచ్చింది, పిడికిలి నోట్లో పెట్టుకోవడం వచ్చింది, తండ్రి ముఖం మాత్రం రాలేదు. ఒక సెలవు నాడు వాడు మురిపెంగా ఎత్తుకుంటే, మీసం చూసి సందు దద్దరిల్లేట్టు ఏడ్చింది. అప్పుడే పక్క గదిలోని టెంపో ఆయన చేతులు చాపితే వెళ్లి ఆయన ముక్కు పట్టుకుని నవ్వింది. ఆయన మా కరీంనగర్ దిక్కువాడే, నన్ను అక్కా అంటాడు, పాత డీజిల్ టెంపోలో చీరల మూటలు మోస్తాడు.

"నేను తెల్వది గని, గీ డొక్కు టెంపో ఆయన తెల్సు దీనికి," అన్నాడు నా కొడుకు. నవ్వుతూనే అన్నాడు. ఆ పూట మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకోలేదు. నేను చూశాను.

హవా కమిటీ వాళ్లు చెప్పిన మాటల్లో నాకు పట్టింది ఒక్కటే. చేరిన సంఘాల సందుల్లో గాలి కొలిచే డబ్బా ఒకటి పెడతారు. నెల రోజులు చూస్తారు. ఏ సందులో గాలి బాగుంటే ఆ సందు మొగదలకు ఛార్జింగు పెట్టె ముందుగా వస్తుంది. మా సందు మొగదలకు అది వచ్చిందంటే నా కొడుకు కతర్‌గామ్ పోనక్కరలేదు. తెల్లారి బండి అక్కడ తింటూ ఉంటుంది, వాడు ఇక్కడ బిడ్డను ఎత్తుకుని ఉంటాడు. ఆ మాట విన్నాక నాకు గాలి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

డబ్బా పెట్టడానికి ఒక మేడమ్ వచ్చింది. గుజరాతీ పిల్ల, పెద్ద చదువు, చిన్న జడ. డబ్బా తెల్లగా, మిఠాయి పెట్టె అంత ఉంది. ముందు చిన్న లైటు. గాలి బాగుంటే పచ్చ, పాడైతే ఎరుపు. దాన్ని ఎవరి గోడకు పెట్టాలి అనే దగ్గర పెద్ద రభస అయింది. మా గోడకంటే మా గోడకని అందరూ లాగారు. అందరూ వాదిస్తూ ఉండగా నేను లోపలికి వెళ్లి అల్లం దంచి చాయ్ పెట్టుకొచ్చాను. మేడమ్ చాయ్ తాగింది, చుట్టూ చూసింది, మా తలుపు పక్కన నీడ ఉంది, కిటికీలో ప్లగ్గు ఉంది, ఇక్కడే బాగుంటుంది అంది. అటు తర్వాత కొన్ని రోజులు మా సంఘంలో సగం మంది నాతో మాట్లాడలేదు.

ఇక్కడ నా ఇంకో ఉద్యోగం గురించి చెప్పాలి. మా ఛాల్‌లో పసిపిల్లలకు నీళ్లు పోసేది నేనే. మా వైపు నుంచి వచ్చిన ఆడపిల్లలకు ఇక్కడ కాన్పయితే తల్లులు ఊరి నుంచి వచ్చి కొన్నాళ్లే ఉండగలరు. వాళ్లు బస్సెక్కగానే పిల్లలు నా కాళ్ల మీదికి వస్తారు. తలుపు పక్కన బండ మీద పీట వేసుకుని కాళ్లు చాపి కూర్చుంటాను. ముందు నా మనవరాలు, తర్వాత వరసలో ఎవరుంటే వాళ్లు. నువ్వుల నూనె, పెసరపిండి, కాలు పెడితే చురుక్కుమనే నీళ్లు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, నా మనవరాలు మాత్రం పెద్ద ఆఫీసరులా పడుకుని పోయించుకుంటుంది. తర్వాత తుండులో చుట్టి, మట్టి మూకుట్లో నిప్పుల మీద ఇంత సాంబ్రాణి వేసి, జుట్టు ఆరేదాకా పొగ పట్టిస్తాను. పొగ గుప్పుమని లేస్తే బిడ్డ తుమ్ముతుంది. "చిరంజీవ," అంటాను. ఇంకోసారి తుమ్మితే ఇంకోసారి అంటాను.

ఆ డబ్బా సరిగ్గా మా తల మీదే ఉంది. నిప్పుల వైపు చూసే మనిషి తల పైకెత్తదు కదా.

చూసింది టెంపో ఆయన పెళ్లాం. "లాల్! లాల్ అయింది!" అని అరిచింది. పొద్దున్నే ఎర్ర లైటు. కాసేపటికి పసుపు, ఎండెక్కాక పచ్చ. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఎరుపు. ఇట్లా అయితే ఛార్జింగు పెట్టె వేరే సందుకు పోతుంది.

సంఘాన్ని పిలిచాను. అలిగిన వాళ్లు కూడా వచ్చారు, ఎవరినో తిట్టబోతున్నామని అర్థమయితే మా సంఘంలో అలకలు నిలవవు. అందరి వేళ్లూ టెంపో వైపే చూపించాయి.

"తమ్మీ, నీ టెంపో పొద్దుగాల చాలు చేస్తే నల్లటి పొగ అస్తది. గదే కారణం," అన్నాను.

"నా టెంపో ఏం జేసిందే అక్కా? పుట్టినకాన్నుంచి గట్లనే దగ్గుతది. దాని గొంతే గంత."

"దాని గొంతు మెయిన్ రోడ్డు మీద దగ్గుమను. సందుల చాలు చేయొద్దు."

"మరి రోడ్డు దాంక ఎట్ల పోతది? ఎగురుతదా?"

"నూకు."

పాపం, నూకాడు. లుంగీ ఎగ్గట్టి ఆయన, వెనక మా ఆయన, ఇంకో ఇద్దరు మగ్గాల మీది మనుషులు, "హయ్‌రే హయ్" అంటూ పొద్దున్నే టెంపోను రోడ్డు దాకా నూకేవాళ్లు. బిడ్డ ఒళ్లు రుద్దుతూ నేను కూర్చున్న చోటి నుంచే, ఎడమకు తిప్పండి, గోడకు తాకుతుంది అని చెబుతూ ఉండేదాన్ని. అయినా లైటు ఎరుపే.

తర్వాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఆయన వంతు. ఆయన్ను సందు అవతలికి పంపాం. అందరూ ముడతల చొక్కాలతో తిరిగారు. లైటు ఎరుపే. చాయ్ బండి వాడి కిరసనాయిలు స్టవ్ ఆపించాం. చాయ్ లేక మగవాళ్లందరి ముఖాలు వేలాడిపోయాయి. లైటు ఎరుపే.

"ఇగ మా బీడీలు మిగిలినయ్," అన్నాడు మా ఆయన దిగులుగా.

"యాది చేసినవ్, మంచిదైంది," అన్నాను. బీడీలూ ఆపించాను. లైటు మాత్రం నా మనవరాలు తుమ్మే వేళకు ఠంచనుగా ఎర్రబడుతూనే ఉంది.

ఇంతలో బార్డోలీలో పెద్ద మీటింగు పెట్టారు. అన్ని ఊళ్ల వాళ్లూ వస్తారు, మీరూ రావాలన్నారు. పొద్దున్నే బ్యాటరీ బస్సు పంపించారు. చప్పుడే లేదు. నా పక్కన కూర్చున్న మా సంఘం ఆమె, "బస్సు ఎప్పుడు చాలు చేస్తరే?" అని అడిగేసరికి కామ్‌రేజ్ దాటిపోయాం. రోడ్డు పక్కన చెరకు తోటలు గాలికి ఊగుతుంటే నాకు హుషారొచ్చింది.

మీటింగులో ఒక్కొక్కరినే మీ సందు కష్టం చెప్పమన్నారు. నేను బడికి పోయింది కొన్నాళ్లే, మైకు ముందు నిలబడటం మాత్రం బతుకమ్మ నేర్పింది. హిందీ, గుజరాతీ, మధ్యలో మన భాష కలిపి దంచేశాను. మా సందులో ఎవరో దొంగచాటుగా పొగ పెడుతున్నారు, పసిపిల్లలు తిరిగే చోట ఇంత పాపానికి ఒడిగట్టిన మనిషి ఎవరో, ఆ మనిషి మెడలు వంచి మీ ముందు నిలబెట్టకపోతే నన్ను కమిటీలోంచి తీసేయండి అన్నాను. చప్పట్లు మోగాయి. మా డబ్బా మేడమ్ అందరికన్నా గట్టిగా కొట్టింది. మధ్యాహ్నం భోజనంలో నాకు రెండో మిఠాయి అడక్కుండానే వేశారు.

సాయంత్రం సందులో అడుగు పెడితే అందరూ బయటే ఉన్నారు, అందరి ముఖాల్లోనూ పండగ.

"అక్కా, ఇయ్యాల పొద్దటి సంది పచ్చనే!" అన్నాడు టెంపో ఆయన.

"నిజమా? దొంగ భయపడ్డడు. నేను మీటింగుకు పోతున్ననని తెల్సి భయపడ్డడు."

కోడలు గడపలో నిలబడి బిడ్డను ఊపుతోంది. మాట తక్కువ పిల్ల, ఆ తక్కువ మాటలు ఎక్కడ వేయాలో బాగా తెలిసిన పిల్ల.

"అత్తమ్మా, ఇయ్యాల మీరు లేరని పోరికి తానం పోయలే," అంది.

"ఒక్కనాటికి ఏంగాదు బిడ్డా."

"పక్కింటోళ్ల పిల్లలకు గూడ ఎవ్వలు పోయలే."

"గయితే ఏంది?"

"ఏంలే. తానం లేదు, సాంబ్రాణి లేదు... పచ్చ లైటు ఉన్నది. గంతే."

అందరూ నా వైపు చూశారు. తర్వాత గోడ మీది డబ్బా వైపు చూశారు. దాని కింద నా పీట, నా మట్టి మూకుడు, నిన్నటి బూడిద.

ముందు నవ్వింది మా ఆయన. బీడీ తీసి, నా ముందే, నా ముఖం చూస్తూ అంటించుకున్నాడు. టెంపో ఆయన నవ్వలేదు. లుంగీ జరిపి మోకాళ్లు చూపించాడు, నూకి నూకి కాయలు కాచాయట. "బార్డోలీల ఏమని ఒట్టు వెట్టినవక్కా? జర మల్లొక్కసారి చెప్పు, నేను గూడ ఇంట," అన్నాడు. నాతో వచ్చిన ఆమె అప్పటికే నా ప్రసంగమంతా చేతులు ఊపుతూ చేసి చూపిస్తోంది. మెడలు వంచే దగ్గర మరీ బాగా చేసింది.

ఆ పూట మూకుడు ముందు పెట్టుకుని కూర్చున్నాను. సాంబ్రాణి మానాలంటే మనసు రాదు. మా అమ్మ నాకు వేసింది, నేను నా కొడుక్కు వేశాను. మానకపోతే వాడు బిడ్డకు కొత్త మనిషిగానే మిగిలిపోతాడు. ఎటూ తేలక అటూ ఇటూ కదులుతుంటే మా ఆయనకు జాలి కలిగినట్టుంది.

"గంత ఫికరెందుకే? నువ్వు తానం పోసినంతసేపు డబ్బా మీద ఏదన్న కప్పుదం. దానికి కండ్లు మూస్తే సరి," అన్నాడు.

ఆయన బుద్ధి మీద నాకు పెళ్లయిన నాటి నుంచీ అనుమానమే. ఆ రోజు మాత్రం అది బంగారంలా కనిపించింది. మర్నాడు పొద్దున పిల్లల వరస మొదలవగానే ఆయన స్టూలెక్కి, దండెం మీదున్న తుండు తీసి డబ్బాకు చుట్టాడు. బాగా బిగించి, ముడి కూడా వేశాడు. నేను నిశ్చింతగా అందరికీ నీళ్లు పోశాను, ఒక రోజు మానేసిన లోటు తీరేలా సాంబ్రాణి కూడా కాస్త ఎక్కువే వేశాను.

ఆయన తీసిన తుండు ఏదో మాకు పట్టలేదు. అది నా మనవరాలి తుండు. పుట్టిన నాటి నుంచి సాంబ్రాణి పొగ తాగి తాగి, విదిలిస్తేనే వాసన వచ్చే తుండు. దానికి కొత్త పొగ తోడయింది. డబ్బా ముక్కుకు ఆ తుండే కట్టాం.

మూడో బిడ్డ తల తుడుస్తుండగా సందు మొగదల స్కూటీ ఆగింది. మేడమ్ హెల్మెట్ కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చింది.

"మాసీ! ఆగ్ కహాఁ లగీ హై?" అంది ఆయాసపడుతూ. నిప్పు ఎక్కడ అంటుకుంది పిన్నీ అని అడుగుతోంది. ఆఫీసులో మా డబ్బా చూపించే అంకె చూసి, ఛాల్ తగలబడుతోందని అనుకుందట.

మా ఆయన స్టూలు కాలితో గదిలోకి తోశాడు. మేడమ్ తల ఎత్తి గోడ చూసింది. ముడి విప్పింది. తుండు ముక్కు దగ్గర పెట్టుకుని, "లోబాన్!" అంది. గుజరాతీలో సాంబ్రాణిని అదే అంటారు. తర్వాత నా మూకుడు చూసింది, నా కాళ్ల మీది బిడ్డను చూసింది, వరసలో ఉన్న మిగతా పిల్లలను చూసింది.

ఇక దాచడానికేముంది? "బెన్, మీటింగుల నేను చెప్పిన దొంగ దొర్కింది," అన్నాను హిందీలో. "మెడలు నేనే వంచుకుంట." నిజంగానే తల దించాను.

ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది, పక్కనే నా పీట మీద కూర్చుని నవ్వింది. టెంపో ఆయన కూడా ఇక ఆగలేక నవ్వాడు. నవ్వులు అయ్యాక, కళ్లు తుడుచుకుని, మా నానమ్మ కూడా నాకు లోబాన్ వేసేది మాసీ, కానీ డబ్బాకు డీజిల్ పొగా, దేవుడి పొగా అని తేడా తెలియదు, ఈ పిల్లల ఊపిరితిత్తులకూ తెలియదు అంది.

నాకు రోషం వచ్చింది. "నా కొడుకు ఈ పొగలనే పెరిగిండు. ఇప్పుడు ఎట్లున్నడు చూడు, దున్నపోతు లెక్క," అన్నాను.

"ఊళ్లోనా?" అంది.

ఊళ్లోనే. మా ఇంటి వాకిట్లో. ఆ పొగ ఇంత లేచి ఆకాశంలోకి పోయేది. ఇక్కడ పైన రేకు, ఎదురుగా గోడ, అటు మగ్గాల దూది, ఇటు రోడ్డు. పొగ పోవడానికి చోటేది? అప్పుడే కాళ్ల మీది బిడ్డ తుమ్మింది. "చిరంజీవ" నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఈ తుమ్మును నేను దీవెన అందుకునే గొంతు అనుకున్నాను. ఆపవే అని చెప్పడమేమో అది.

మూకుట్లో నీళ్లు పోశాను. చుయ్యిమంది. టెంపో ఆయన, "నా మోకాళ్లు సల్లవడ్డయ్," అన్నాడు.

మేడమ్ ఆ రోజు నుంచి నెల కొత్తగా మొదలుపెట్టింది. నేను పొడి గుడ్డలతో, పొద్దుటి ఎండతో జుట్లు ఆరబెట్టాను. టెంపో నూకుడు మాత్రం ఆగలేదు. ఈసారి నేనూ వెనక చెయ్యి వేశాను, పందెంలో ఓడిపోయిన మనిషిలా. లైటు పచ్చగా నిలబడింది. బార్డోలీ దాకా మా సందు కథ పాకింది, నా ప్రసంగంతో సహా. నెల గడిచాక సందు మొగదల ఛార్జింగు పెట్టె వచ్చింది. టెంపో ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "నా ముసలి టెంపోకు గూడ గిట్ల కరెంటు తాగే మూతి పెట్టరాదా?" అన్నాడు.

మర్నాడు పొద్దున నా కొడుకు ఆటోకు వైరు తగిలించి, నెమ్మదిగా నడిచి వచ్చి, ఖాకీ చొక్కాతోనే నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. బిడ్డ వాడి మీసం వైపు అనుమానంగా చూసింది. నీళ్లు పోయడం అయ్యాక తుండులో చుట్టి వాడి చేతుల్లో పెట్టాను. పెదవి ముందుకు వచ్చింది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఏడుపు. వాడు కదలకుండా దాని తల మీద ముక్కు ఆనించాడు.

"పొగ లేకున్నా సాంబ్రాణి వాసన అస్తుందేందమ్మా?" అన్నాడు.

తుండుల పెట్టెలో, మడతల మధ్య, అంటించని సాంబ్రాణి గడ్డలు వేసి ఉంచానని వాడికి ఇప్పుడెందుకు? పైకి చూశాను. పచ్చగానే ఉంది. ఆ డబ్బా ముక్కుకు ఆ కాస్త వాసన అందలేదు.

బిడ్డ ఏడవలేదు. వాడి మీసం పట్టుకుంది, గట్టిగా లాగింది, వాడు "అబ్బా" అంటే నోరంతా తెరిచి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే వాడి ఖాకీ చొక్కా ముందు భాగమంతా తడిపేసింది.

రోడ్డు వైపు టెంపో నూకుతున్న మనిషి వెనక్కి తిరిగి అరిచాడు: "అక్కా! గాలి మంచిగనే ఉన్నది గని, మన సందుల వాన వడ్డదేందే?"